బేస్‌మెంటులో అఖండదీపం

2014 జనవరి మొదటివారంలో ఇక్కడ ఒహాయోలో చలి ఎలా ఉండిందో అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అనుభవించనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. సెంటీగ్రేడ్ సంగతి వదిలెయ్యండి, ఫారన్‌హీట్‌లోనే సున్నా కిందకి పోయింది. టీవీవాళ్ళు "పోలార్ వోర్టెక్స్" అని కొత్త మాటొకటి మాకు నేర్పారు. సరిగ్గా ఆ వారమే మా ఇంట్లో ఫర్నేసు ప్రాణం విడిచింది. అప్పటికి మా రెండోవాడు పుట్టి నెల తిరగలేదు. అత్తగారికి వీసా రాకపోవడంతో పురిటికి తెనాలి నుంచి మా అమ్మే వచ్చింది.

తల్లినీ, పిల్లలిద్దర్నీ, ఒక ఎలక్ట్రిక్ హీటర్నీ ఒకే గదిలో పెట్టి తలుపేసి, టార్చిలైటు పట్టుకుని బేస్‌మెంటులోకి దిగాను. వద్దంటే వినకుండా అమ్మ శాలువా కప్పుకుని వెనకే దిగింది. కంప్యూటర్లతో బతికేవాడికి తెలిసిన వైద్యం ఒక్కటేగా, ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడం. అది చేశాను. ఏమీ కాలేదు. అమ్మ మాత్రం పక్కనున్న వాటర్ హీటరు దగ్గర వంగి, కింద చిన్న కంతలోంచి కనిపిస్తున్న నీలం మంటని చూస్తోంది.

"ఇదేంట్రా, అఖండదీపంలా?"

"పైలట్ లైటమ్మా. నీళ్ళు చల్లబడినప్పుడు పెద్ద మంటని ఇది వెలిగిస్తుంది."

"ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందా?"

"ఆఁ."

"మీరు ఇండియా వచ్చి నెల్రోజులు ఉన్నప్పుడు కూడానా?"

"ఆఁ."

"మరి అప్పుడు ఎవరికోసంరా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఎప్పుడో తీరిక దొరికినప్పుడు వెతుక్కుంటూ వెళితే, ఆ చిన్న మంట వెనకాల యాభై ఏళ్ళ గొడవ ఉందని తెలిసింది. ఒక అధ్యక్షుడి సంతకాలు, ఒక వీటో, మూడు నాలుగు కోర్టు కేసులు, ఒక పొగగొట్టం. ఆ కథే ఇది.

ముందు అమ్మ లెక్క చెప్పాలి. మా ఇంట్లో గ్యాసు వచ్చినప్పటినుంచీ ఆవిడకో అలవాటు. కొత్త సిలిండరు తగిలించిన రోజున గోడమీది వెంకట్రామా కేలండర్లో ఆ తేదీ మీద చిన్నగా "గ్యా" అని రాస్తుంది. అయిపోయిన రోజున ఎన్నాళ్ళు వచ్చిందో లెక్కపెట్టి పక్కన వేస్తుంది. నాన్నగారూ, అమ్మా, వచ్చేపోయే చుట్టాలూ కలిపి ఒక బండ సగటున నలభై రెండు రోజులు. అంటే ఏడాదికి సుమారు తొమ్మిది. 

ఇప్పుడు పైలట్ లైటు సంగతి. ఒక్కో దానికి ఒక్కో ఆకలి. ఒకదానితో ఒకటి పోలవు గనక గంటకి 500 బీటీయూ అని మధ్యస్తంగా వేసుకుందాం. చూడ్డానికి ఏమంత కాదు. కానీ ఏడాదికి 8,760 గంటలు. గుణిస్తే 43 లక్షల 80 వేల బీటీయూలు. మన 14.2 కిలోల సిలిండర్లోకి మారిస్తే ఇంచుమించు ఆరున్నర బండలు! మా పాత ఫర్నేసులో ఒక దీపం, వాటర్ హీటర్లో ఒకటి. వెరసి పదమూడు. తెనాలిలో ఒక సంసారం ఏడాది పొడుగునా కాఫీలు కాచుకుని, వంట చేసుకుని, పండగలకి బూరెలు వండుకున్నదానికంటే, మా ఇంటి బేస్‌మెంటులో రెండు దీపాలు ఉత్తినే నిలబడి తాగింది ఎక్కువ. (పూర్తిగా ఉత్తినే అంటే అన్యాయం. వాటర్ హీటరు దీపం వేడి కొంత నీళ్ళకి పడుతుంది. ఫర్నేసు దీపాన్ని వేసవిలో ఆర్పేసే జాగ్రత్తపరులూ ఉన్నారు. మనం ఆ కోవలోకి రాము.)

ఇంత తిండిపోతుని ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారు? ఎందుకంటే చాలా తెలివైన యంత్రం అది. ఆ మంటలో ఒక లోహపు కడ్డీ కొస ఉంటుంది. మంట వేడికి దాంట్లో కాస్తంత విద్యుత్తు పుడుతుంది. గ్యాసు వాల్వు మూసుకుపోకుండా పట్టి ఉంచేది అదే. దీపం ఆరితే కడ్డీ చల్లారుతుంది, వాల్వు దానంతటదే మూసుకుంటుంది, ఇల్లు గ్యాసుతో నిండకుండా బతికిపోతుంది. గోడలోంచి కరెంటు అక్కర్లేదు. తుఫానొచ్చి కరెంటు పోయినా వేడినీళ్ళు వస్తాయి. గ్యాసు మంచినీళ్ళంత చౌకగా ఉన్న రోజుల్లో దీన్ని తప్పుపట్టే కారణం ఎవరికీ కనబడలేదు.

ఆ చౌక రోజులు 1973తో అయిపోయాయి. అరబ్బు దేశాలు చమురు ఆపేసిన సంగతి అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది 1977 చలికాలం. అప్పుడు కరువొచ్చింది చమురుకి కాదు, గ్యాసుకి. మా పక్కింటి పెద్దాయన ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు, ఆ చలికాలం గురించి ఇప్పటికీ చెబుతాడు. కొలంబస్‌లో ఇళ్ళకి గ్యాసు మిగల్చడానికి ఫిబ్రవరిలో బళ్ళు మూసేశారు. పిల్లలకి టీవీలోనూ, రేడియోలోనూ పాఠాలు చెప్పారు. "బడి లేని బడి" అని దానికి పేరు. కోవిడ్‌లో మా పెద్దాడు లాప్‌టాప్ ముందు కూచుని విసుక్కుంటుంటే, "మాకిది 77లోనే అయిపోయింది, మాకు మ్యూట్ బటన్ కూడా లేదు" అన్నాడాయన. ఆ ఫిబ్రవరి 2న అధ్యక్షుడు కార్టర్ ఉన్ని స్వెటరు వేసుకుని టీవీలోకి వచ్చి, ఇళ్ళల్లో పగలు 65 డిగ్రీలు, రాత్రి 55 డిగ్రీలు పెట్టుకొమ్మని దేశాన్ని బతిమాలుకున్నాడు. చాలామంది ఆయన స్వెటరుని గుర్తుపెట్టుకున్నారు గానీ ఆయన మాటని కాదు.

దానికి ఏడాదికి కాస్త పైగా ముందే, 1975 డిసెంబరులో, ఫోర్డు అధ్యక్షుడుగా ఉండగా ఒక చట్టం వచ్చింది. ఇంటి సామాన్ల మీద అవి ఎంత ఇంధనం తాగుతాయో రాసి అంటించాలన్నది అందులో ఒక భాగం. ఆ చీటీ ఎలా ఉండాలో తేల్చడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి నాలుగేళ్ళు పట్టింది. 1980 మేలో అమల్లోకి వచ్చింది. పసుప్పచ్చ కాగితం మీద నల్లక్షరాలు, ఎనర్జీ గైడ్ అని పేరు. ఇక్కడ ఫ్రిజ్ కొన్న ప్రతివాడూ దాన్ని చూసే ఉంటాడు, గోటితో గీకి పీకలేక తిట్టుకునే ఉంటాడు.

దాని ఆలోచన చాలా చక్కటిది. కొనేవాడికి నిజం చెప్పు, మంచిది వాడే ఎంచుకుంటాడు. మన ఇళ్ళల్లో అప్పడాలు కొనేముందు ఒకటి వేయించి చూపించమన్నట్టు. కాకపోతే ఫ్రిజ్‌కి పనికొచ్చిన ఆలోచన గ్యాసు సామాన్ల దగ్గర తడబడింది. మొదటి తమాషా ఏమిటంటే గ్యాసు పొయ్యికీ, బట్టలారబెట్టే డ్రయ్యరుకీ అసలు చీటీయే లేదు. ఒక మోడలుకీ ఇంకో మోడలుకీ పెద్ద తేడా లేదు, చీటీ అంటించినా కొనేవాడికి ఒరిగేదేమీ లేదని కమిషన్ అప్పట్లోనే తీసి పక్కన పెట్టేసింది. ఇప్పటికీ అంతే.

ఇక ఫర్నేసుకీ, వాటర్ హీటరుకీ చీటీ ఉంది. ఉంటే? అవి షోరూములో వరసగా నిలబెట్టి మనం చుట్టూ తిరిగి చూసి కొనే వస్తువులు కావు. కొత్త ఇంట్లో అయితే బిల్డరు కొంటాడు. అద్దె ఇంట్లో అయితే ఇంటాయన కొంటాడు. బిల్లు కట్టేవాడు తర్వాతెప్పుడో వస్తాడు.

ఈ ముక్క నాకు పుస్తకాల్లో చదవక్కర్లేదు. 1998 చివర్లో వైటూకే పుణ్యమా అని నేను ఈ ఊళ్ళో దిగినప్పుడు నలుగురం ఒక పాత అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. అద్దె చవక. ఎందుకు చవకో జనవరి గ్యాసు బిల్లు వచ్చాక అర్థమైంది. నలుగురికి పంచినా గుండె ఆగినంత పనైంది. మాలో ఒకతను, తాడేపల్లిగూడెం వాడు, బిల్లు పట్టుకుని నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఓపిగ్గా విని, "ఫర్నేసు పనిచేస్తోందా లేదా?" అంది. పనిచేస్తోంది. "మరి ఇంకేమిటి?" అంది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ ఫర్నేసు కొన్నవాడు అతి చవకైనది కొన్నాడు, ఎందుకంటే దాని బిల్లు వాడికి రాదు. మేము ఆ చలికాలమంతా ఇంట్లో జాకెట్లు వేసుకుని తిరిగాం. కార్టర్ చూస్తే ఆనందపడేవాడు.

అందుకే చీటీ ఒక్కటే చాలదని, ఇంతకంటే తక్కువ పనితనం ఉన్నది అమ్మనే కూడదని ఒక గీత గియ్యాలని వాదించినవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. ఆ గీత కథలోకి రోనాల్డ్ రీగన్ మూడుసార్లు వస్తాడు, మూడుసార్లూ మూడు వేషాల్లో. 1974లో కాలిఫోర్నియా గవర్నరుగా ఉండగా వారెన్-ఆల్‌క్విస్ట్ చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే. దాంతో పుట్టిన ఎనర్జీ కమిషనే దేశంలో ముందుగా ఇంటి సామాన్లకి గీతలు గీసింది. కొత్త గ్యాసు సామాన్లలో ఎప్పుడూ వెలిగే దీపాన్ని మాన్పించే పనికి పూనుకున్నదీ ఆ రాష్ట్రమే.

1978లో కాంగ్రెస్ ఆ గీతలు దేశమంతటికీ గియ్యమని ఇంధన శాఖని ఆదేశించింది. 1980లో ముసాయిదా వచ్చింది. ఈలోగా ఎన్నికలొచ్చి రీగన్ అధ్యక్షుడయ్యాడు. ఆయన ఇంధన శాఖ బాగా ఆలోచించి, 1982, 83ల్లో ఒక అద్భుతమైన నిర్ణయం ప్రకటించింది. ఏ గీతా గియ్యక్కర్లేదన్నదే ఆ ప్రమాణం! సాఫ్ట్‌వేర్లో కూడా ఇలాంటి రిలీజు నేను చూడలేదు. పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్ళాయి. 1985లో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు ఇది చెల్లదంది.

అప్పటికి ఇంకో వింత జరుగుతోంది. కేంద్రం ఊరుకుంది గదా అని కాలిఫోర్నియా దారిలో ఇంకొన్ని రాష్ట్రాలు ఎవరి గీత వారు గియ్యడం మొదలుపెట్టాయి. ఒక రాష్ట్రానికి ఒక మోడలు, ఇంకో రాష్ట్రానికి ఇంకోటి తయారుచెయ్యాలంటే కంపెనీలకి తలప్రాణం తోకకొచ్చింది. అన్నాళ్ళూ గీతలొద్దన్న తయారీదారులే వచ్చి, బాబ్బాబు దేశమంతటికీ కలిపి ఒకటే గియ్యండి అన్నారు. పర్యావరణంవాళ్ళతో కూచుని అంకెలు కూడా మాట్లాడుకున్నారు. 1986లో ఆ ఒప్పందమే బిల్లయింది. నవంబరులో రీగన్ సంతకం పెట్టకుండా దాన్ని చంపేశాడు. కొత్త కాంగ్రెస్ వచ్చీరాగానే మళ్ళీ భారీ మెజారిటీతో పంపించింది. 1987 మార్చి 17న ఆయనే సంతకం పెట్టాడు.

ఆ చట్టంతో ఫర్నేసుకి గీత 78 శాతం, 1992 జనవరి 1 నుంచి. ఇక్కడ నా నుదుటి రాత చూడండి. మా ఇల్లు కట్టింది 1991లో. మేం కొన్నది 2003లో. అంటే గీత అమలుకి కొద్ది నెలల ముందు, బిల్డరెవరో పాత సరుకు దొరికినంత చవకగా తెచ్చి మా బేస్‌మెంటులో బిగించి వెళ్ళాడు. దాని పనితనం ఏడాది సగటున 65 కూడా ఉండదని తర్వాత వచ్చిన మెకానిక్కు చెప్పాడు. మేమూ, మాకు ముందున్నవాళ్ళూ కలిసి ఇరవై మూడేళ్ళు దానికి కప్పం కట్టాం.

పైలట్ దీపం విషయంలో అదే చట్టం ఒక సగం పని చేసింది. కరెంటు తీగ ఉన్న గ్యాసు స్టౌలలో 1990 నుంచి అది ఉండకూడదంది. తీగ లేనివాటిని వదిలేసింది. మిగతా సగం తేలడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది, అమలు 2012 ఏప్రిల్ నుంచి. మరి ఇంట్లో కరెంటే పెట్టుకోని వాళ్ళ గతేమిటన్న ప్రశ్న కూడా అప్పుడు వచ్చింది. మా ఒహాయోలో గుర్రబ్బండ్లమీద తిరిగే ఆమిష్ వాళ్ళని చూసినవాళ్ళకి అది ఎంత నిజమైన ప్రశ్నో తెలుస్తుంది. బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించే స్టౌలున్నాయిగా అని సమాధానం. వాటర్ హీటర్ల జోలికి మాత్రం ఎవరూ గట్టిగా వెళ్ళలేదు. అమ్మ చూసిన అఖండదీపం చట్టబద్ధమైనదే.

ఇక పొగగొట్టం. ఈ కథలో అసలైన విలను అదే, కానీ కొంచెం ఓపికపట్టాలి.

గ్యాసు మండితే వేడితోబాటు నీటి ఆవిరి పుడుతుంది. గ్యాసులో ఉన్న మొత్తం వేడిలో పదో వంతు దాకా ఆ ఆవిరిలోనే దాక్కుని పొగతో పాటు బయటికి పోతుంది. ఆ ఆవిరిని ఫర్నేసులోనే మళ్ళీ నీళ్ళుగా మారిస్తే, దాక్కున్న వేడి కూడా చేతికొస్తుంది. పనితనం 90 దాటుతుంది. ఇది తెలియని విద్య కాదు. 1982లోనే లెనాక్స్ కంపెనీ పల్స్ అనే ఫర్నేసుతో చేసి చూపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు లండన్ మీద వేసిన వీ-1 బాంబుల ఇంజను ఏ సూత్రం మీద టపటపలాడిందో, అదే సూత్రం. దాని వెనకాల పరిశోధన అమెరికన్ గ్యాస్ అసోసియేషన్ ప్రయోగశాలది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. (యూరప్‌లో ఉన్న మిత్రులు మా బాయిలరు 107 శాతమని గొప్పలు పోతుంటారు. అదేం మాయ కాదు. వాళ్ళు ఆవిరిలోని వేడిని లెక్కలో కలపకుండా మొదలుపెట్టి, తర్వాత దాన్ని పట్టుకుని వందకి పైన వేసుకుంటారు.)

చిక్కల్లా ఎక్కడంటే, 80 శాతం ఫర్నేసు పొగ వేడిగా ఉంటుంది, తనంతట తనే గొట్టంలో పైకి పోతుంది. 90 పైబడ్డదాని పొగ దాదాపు చల్లగా ఉంటుంది, పైకి లేవదు. దాన్ని ఫ్యాను పెట్టి ప్లాస్టిక్ గొట్టంలోంచి పక్కగోడలోకి తొయ్యాలి. కారే నీళ్ళలో ఆమ్లం ఉంటుంది, దానికో కాలువ చూపించాలి. 85 అని మధ్యలో ఆగుదామా అంటే, ఆవిరి సగం సగం నీరై ఇనప గొట్టాన్ని తినేస్తుంది. అందుకని ఈ గీత మెట్టు మెట్టుగా పైకి ఎక్కదు. 80 నుంచి 90కి ఒక్క గంతు వెయ్యాల్సిందే. పైగా చాలా ఇళ్ళల్లో ఫర్నేసూ, వాటర్ హీటరూ ఒకే పొగగొట్టం పంచుకుంటాయి. ఫర్నేసు పక్కగోడకి వెళ్ళిపోతే వాటర్ హీటరు ఆ పెద్ద గొట్టంలో ఒంటరిదైపోతుంది. దాని చిన్న పొగ ఆ పెద్ద గొట్టంలో చల్లారి, పైకి పోక వెనక్కి ఇంట్లోకి తన్నే ప్రమాదం ఉంది. ఇక్కడి పనివాళ్ళు దాన్ని "అనాథ వాటర్ హీటర్" అంటారు. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.

ఆ గంతుకి భయపడే ఇంధన శాఖ 2007లో కొత్త నియమం రాసి గీతని 78 నుంచి 80కి జరిపింది, అదీ 2015 నుంచి. అప్పటికే బజారులో దాదాపు అన్నీ 80వే! మళ్ళీ కోర్టు. చివరికి తయారీదారులూ, పర్యావరణంవాళ్ళూ 2009లో మరోసారి కూచుని తెలివైన రాజీ కుదిర్చారు. చలి ఎక్కువున్న ఉత్తర రాష్ట్రాలకి 90, వెచ్చటి దక్షిణానికి 80. 2011లో అది నియమమైంది. అమలు 2013 మే 1 నుంచి. ఈసారి కోర్టుకెళ్ళింది గ్యాసు పంపిణీ చేసే మునిసిపల్ సంస్థల సంఘం. ఫర్నేసు మార్చాలంటే పొగగొట్టం కూడా మార్చాల్సి వస్తే పేదవాడు గ్యాసే మానేసి కరెంటుకి పోతాడని వాళ్ళ వాదన. అందులో వ్యాపారం భయం ఎంతో, నిజం కూడా అంతే ఉంది. తూర్పుతీరంలో గోడకి గోడ ఆనుకుని ఉన్న పాత ఇళ్ళల్లో పక్కగోడకి గొట్టం పెట్టడం అంటే పక్కింట్లోకి పెట్టడమే. కేసు తేలేదాకా కొత్త గీతని అమలుచెయ్యబోమని ఇంధన శాఖ 2013 ఏప్రిల్లో ప్రకటించింది.

ఇలా గీత గాల్లో వేలాడుతున్న ఎనిమిది తొమ్మిది నెలలకి, ఉత్తర రాష్ట్రమైన ఒహాయోలో, సున్నా కింద డిగ్రీల్లో, మెకానిక్కు మా బేస్‌మెంటులో నిలబడి ఉన్నాడు.

ఫర్నేసు లోపలి గది పగిలింది, కార్బన్ మోనాక్సైడు వస్తుంది, దీన్ని మళ్ళీ వెలిగించడానికి వీల్లేదని ఎర్ర చీటీ కట్టాడు. "రెండు దార్లున్నాయి" అన్నాడు. ఒకటి 80 శాతంది. వ్యాన్లోనే ఉంది, ఈ సాయంత్రానికి బిగించేస్తాడు. రెండోది 95 శాతంది. గోడకి కన్నం వెయ్యాలి, నీళ్ళకి దారి చెయ్యాలి, ఆ పాత పొగగొట్టంలో అనాథకి సన్న గొట్టం దింపాలి. రెండువేల డాలర్ల పైచిలుకు ఎక్కువ, రెండు రోజులు ఎక్కువ. "నిజానికి చట్టం ప్రకారం ఇది నీకు అమ్మకూడని రోజు వచ్చి ఉండాల్సింది, రాలేదు" అని నవ్వాడు కూడా.

నలభై డాలర్ల టోస్టరు కొనడానికి మూడు గంటలు ఎక్సెల్ షీటు వేసే మనిషిని నేను. 80కీ 95కీ మధ్య తేడా అంటే ఏటా గ్యాసులో ఆరో వంతు మిగులని అప్పుడే నోటిలెక్కలో తెలుస్తోంది. ఇరవై ఏళ్ళు వాడే వస్తువు. పైన గదిలో నెల్లాళ్ళ పిల్లాడు ఏడుస్తున్నాడు. అమ్మ శాలువా బిగించుకుని నాకేసి చూస్తోంది. "ఎనభైదే పెట్టెయ్" అన్నాను.

సాయంత్రం ఆరింటికి ఇల్లు వెచ్చబడింది. రాత్రి కిందకి వెళ్ళి చూశాను. కొత్త ఫర్నేసు తలుపు మీద పసుప్పచ్చ చీటీ. ఒక అడ్డగీత, దాని మీద ఈ మోడలు ఎక్కడుందో చూపించే బాణం. బాణం ఎడమ కొసకి దాదాపు ఆనుకుని నిలబడింది. నా జీవితంలో ఫర్నేసు చీటీ చదవడం అదే మొదలు, బిల్లు కట్టేశాక. పైలట్ దీపం మాత్రం దీనికి లేదు. అందులో పదమూడు బండల్లో ఆరున్నర తగ్గాయని సరిపెట్టుకున్నాను.

మూడు నెలల తర్వాత, 2014 ఏప్రిల్లో, కోర్టులో రాజీ అయ్యి ఆ ప్రాంతాల నియమం కొట్టుబడిపోయింది. తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా గీత అటూ ఇటూ ఊగింది. పాతరకం పొగగొట్టంలో ఇమడడం కూడా వినియోగదారుడికి ఒక సౌకర్యమే, దాన్ని తీసెయ్యకూడదని 2021 జనవరిలో ఒకరన్నారు. అదే ఏడాది డిసెంబరులో ఇంకొకరు కాదన్నారు. 2023లో దేశమంతటికీ 95 అని నియమం రాశారు, గడువు 2028 చివర. దాని మీద కోర్టుకెక్కిన వాళ్ళలో ముందున్నది, అవును, 1982 ఫర్నేసుకి బీజం వేసిన ఆ అమెరికన్ గ్యాస్ అసోసియేషనే. ట్యాంకులేని వాటర్ హీటర్లకి ఇలాంటిదే ఒక నియమం 2024 చివర్లో వస్తే, 2025 మేలో కాంగ్రెస్ తీర్మానంతో రద్దయింది. అంటే నేను 2014లో తీసుకున్న ఆ నిర్ణయం ఈరోజు ఇంకో చలిరాత్రి ఇంకొకడు తీసుకోవడానికి అడ్డేమీ లేదు.

మన వైపు ఈ కథ ఇంకోలా నడిచింది. మా నాన్నగారు గ్యాసు కనెక్షన్ కోసం పేరు రాయించి నాలుగేళ్ళు ఎదురుచూశారు. ఎం.పీ. కోటాలో తెచ్చుకున్నవాళ్ళని చూసి ఊళ్ళో కుళ్ళుకునేవాళ్ళు. పొయ్యి రావడమే భాగ్యమైనచోట దాని పనితనం ఎవరడుగుతారు? 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చి, పొదుపు సంఘాల ఆడవాళ్ళకి డిపాజిట్ ప్రభుత్వమే కట్టి కనెక్షన్లిచ్చినప్పుడు కూడా అందరూ లెక్కపెట్టింది ఎన్ని కనెక్షన్లనే గానీ ఎలాంటి పొయ్యిలని కాదు. (పథకం పేరు చూశారా!)

కానీ ఒక విషయంలో మనవాళ్ళు అమెరికావాళ్ళకంటే నయం. వంటపొయ్యికి పనితనం కొలిచి ఐ.ఎస్.ఐ. ముద్ర వేసే పద్ధతి మనకి ఎప్పటినుంచో ఉంది. ఆ పరీక్ష కూడా అమ్మమ్మలకి అర్థమయ్యే పరీక్ష. అల్యూమినియం గిన్నెలో కొలిచి నీళ్ళు పోసి పొయ్యి మీద పెడతారు. 80 డిగ్రీల దగ్గర కలపడం మొదలుపెట్టి 90కి రాగానే కట్టేస్తారు. ఎంత గ్యాసు కాలిందో తూచి, అందులో ఎంత నీళ్ళలోకి వెళ్ళిందో లెక్కవేస్తారు. నూటికి 68 పాళ్ళకి తగ్గకూడదు. ఫర్నేసు పారబోసిన వేడి పొగగొట్టంలోంచి ఆకాశంలోకి పోతుంది. పొయ్యి పారబోసిన ఆ 32 పాళ్ళు మాత్రం మే నెలలో వంటగదిలో నిలబడ్డ మనిషి మొహానికి కొడతాయి. 

చుక్కల చీటీ అంటించే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2002లో పుట్టింది. 2006లో ఫ్రిజ్‌లతోనూ, ట్యూబులైట్లతోనూ మొదలుపెట్టింది. గ్యాసు పొయ్యికి చుక్కలు తర్వాత వచ్చాయి, అదీ ఇష్టమైన కంపెనీలకే. 2026 జనవరి నుంచి తప్పనిసరి చేశారు.

ఆ వార్త చదివిన వారం అమ్మకి ఫోన్ చేశాను. పాత పొయ్యి బర్నరు అరిగిపోయిందని ఈమధ్యే మా చెల్లెలు కొత్తది కొనిపెట్టింది.

"అమ్మా, పొయ్యి మీద చీటీ ఉందా? ఎన్ని చుక్కలున్నాయి?"

"ఏదో కాగితం ఉండేదిరా. మొదటిరోజే పాలు పొంగి దానిమీద పడితే తడిగుడ్డెట్టి తుడిచా, ఊడొచ్చేసింది."

"పోనీ, బండ ఎన్నాళ్ళొస్తోంది?"

లేచి కేలండరు దగ్గరికి వెళ్ళిన చప్పుడు వినిపించింది. "డెబ్భై ఎనిమిదో రోజు, ఇంకా అయిపోలేదు" అంది.

నలభై రెండు నుంచి డెబ్భై ఎనిమిదికా! కొత్త పొయ్యి మహిమే అని నేను ఉత్సాహంగా లెక్కలు చెప్పబోతే ఆపేసింది.

"ఆ లెక్కా ఈ లెక్కా ఒకటెలా అవుతాయిరా. అప్పుడు మీ నాన్న ఉన్నారు, పొద్దస్తమానం కాఫీలు. ఇప్పుడు నేనొక్కదాన్నేగా." కాసేపాగి, "ఆ కింద దీపం ఇంకా అలాగే వెలుగుతోందా?" అని అడిగింది.

వెలుగుతోందన్నాను.